చిన్నక్షరం, పెద్దక్షరం, మధ్యలో ఇండెక్సు

ఫారంలో పేరును ఎవరు ఇంగ్లిషు పెద్దక్షరాలతో నింపుతారో, ఎవరు చిన్నక్షరాలతో నింపుతారో మనం శాసించలేం. మాంగోడీబీ అనే డేటాబేసు మాత్రం ఆ రెంటినీ వేర్వేరు మనుషులుగానే లెక్కగడుతుంది. రెజెక్సుకు, అంటే అక్షరాల నమూనాతో వెతికే పద్ధతికి, ఈ తేడా చూడొద్దని చెప్పే ‘ఐ’ ఆప్షను తగిలిస్తే సరి అని అందరూ చెబుతారు. పనిచేస్తుంది, కాదనను; కానీ అలా వెతికినప్పుడు వెతుకులాటను వేగంగా ముగించే ఇండెక్సు వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు కనుక, టెస్టు సర్వర్‌లో రెప్పపాటులో వచ్చిన జవాబు కోసం లక్షల డాక్యుమెంట్లు (రికార్డులు) ఉన్న చోట పడిగాపులు పడాలి. ఈమెయిలుతో వెతికేటప్పుడు, అందులోని చుక్కను ఎస్కేప్ చేయకపోతే, అంటే ముందు బ్యాక్‌స్లాష్ పెట్టకపోతే, రెజెక్సులో అది ఏ అక్షరానికైనా సరిపోయి, అడగని వాళ్లను కూడా పట్టుకొస్తుంది.

2016లో వచ్చిన 3.4 వెర్షనులో కొలేషను, అంటే అక్షరాలను పోల్చే నియమాల సెట్టింగు, చేర్చారు; అందులో పోలిక ఎంత కచ్చితంగా ఉండాలో చెప్పే స్ట్రెంగ్త్ 2గా పెడితే ఈ తేడాను పట్టించుకోదు. సంతోషం. అయితే ఇండెక్సుకు ఏ కొలేషను ఇచ్చామో క్వెరీకీ (వెతికే ఆదేశానికీ) సరిగ్గా అదే ఇవ్వాలి. ఒక్కచోట మరచినా ఎర్రరు రాదు, హెచ్చరిక రాదు, క్వెరీ ఎలా నడుస్తోందో చూపే ఎక్స్‌ప్లెయిన్ తెరిచి చూస్తే తప్ప కలెక్షను (డాక్యుమెంట్ల గుంపు) మొత్తం గాలిస్తోందని తెలియదు. కలెక్షనుకే డిఫాల్టుగా పెట్టుకోవచ్చు కదా అంటారు గానీ, సృష్టించేటప్పుడు పెట్టకపోతే తర్వాత మార్చే వీలే లేదు. పైగా రెజెక్సు ఈ కొలేషనును అసలు ఖాతరే చేయదు, అంటే పేరులో ఒక ముక్కతో వెతకాలనుకున్నవాడు మళ్లీ మొదటికి రావలసిందే. ఇంత చదివాక కూడా చాలామంది చేసేది, పేరును చిన్నక్షరాల్లోకి మార్చి ఇంకో ఫీల్డులో దాచుకోవడమే.