టెల్నెట్‌కు నిషేధం, ఓపెన్ఎస్ఎస్ఎల్‌కు అదనపు బాధ్యతలు

భద్రత దృష్ట్యా సర్వర్లలోంచి టెల్నెట్‌ను తొలగించారు. మంచి పని. దూరపు కంప్యూటర్లోకి లాగిన్ చేయిస్తూ, పాస్‌వర్డ్‌ను ఏ దాపరికం లేకుండా వైరు మీదికి వదిలేసే ప్రోగ్రాము అది. 23వ పోర్ట్‌లో (పోర్ట్ అంటే కంప్యూటర్‌కు ఉండే నంబరు తలుపు) దానితో లాగిన్ అయ్యేవాళ్లు మన ఆఫీసుల్లో ఎప్పుడో కరువయ్యారు, అవతలి పోర్ట్ తెరిచి ఉందో లేదో చూడటానికే వాడుతున్నారన్నది వేరే సంగతి. ఆడిట్ వారు ఆ ముచ్చటా మాన్పించారు. పోర్ట్‌లు తట్టి చూడగల నెట్‌క్యాట్ హ్యాకర్ల సామాను కాబట్టి అదీ పోయింది. ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ఎస్ఎస్ఎల్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. దాన్ని తీస్తే సర్వర్లే పడకేస్తాయి మరి.

అలా ఎన్‌క్రిప్షన్ చూసుకోవాల్సిన పెద్దమనిషికి తలుపులు తట్టే పని పడింది. 'ఓపెన్ఎస్ఎస్ఎల్ ఎస్_క్లయింట్ -కనెక్ట్' అని కొట్టి అవతలి సర్వర్ పేరు, కోలన్, 443 ఇవ్వాలి. 'కనెక్టెడ్' అని వస్తే పోర్ట్ తెరిచినట్టే. ఆ తర్వాత హ్యాండ్‌షేక్ (ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టే పరిచయాలు) చెడినా, అవతల టీఎల్ఎస్ అనే ఆ ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఊసే తెలియని డేటాబేస్ ఉన్నా, టీసీపీ దాకా, అంటే మామూలు కనెక్షన్ దాకా, దారి ఉన్నట్టే. (బయటికి రావాలంటే పెద్ద అక్షరం క్యూ కొట్టి ఎంటర్ నొక్కాలి. తెలియక టెర్మినలే మూసేసే వాళ్లున్నారు.) 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అంటే, సాధారణంగా, మిషన్ దాకా వెళ్లాం, అక్కడ వినే ప్రోగ్రాము లేదు. ఉలుకూ పలుకూ లేకుండా కర్సర్ అలాగే కూర్చుందా, చాలామటుకు దారిలో కాపలా ఉన్న ఏదో ఫైర్‌వాల్ మన ప్యాకెట్లను మింగేస్తోంది.

ఇంత స్పష్టమైన సాక్ష్యాన్ని నెట్‌వర్క్ టీమ్ ఒప్పుకోదు. ఒప్పుకోకూడదు కూడా. "పింగ్ వస్తోంది కదండీ" అంటారు. అవతలి మిషన్‌ను పలకరించి చూసే ఈ పింగ్ నడిచేది ఐసీఎంపీ అనే వేరే పద్ధతి మీద, దానికి పోర్ట్ నంబర్లే ఉండవు. బ్రిడ్జ్ కాల్‌లో (అన్ని టీమ్‌లూ కలిసే ఫోన్‌లో) ఈ తేడా ఎత్తిచూపినవాడికి అనుభవం చాలదని లెక్క. అనుభవజ్ఞులు "ఒక్కసారి మళ్లీ చూస్తారా సార్?" అని మర్యాదగా అడిగి, మ్యూట్‌లో పెట్టుకుని టీ తాగుతారు. కాసేపటికి పోర్ట్ తెరుచుకుంటుంది. "మేమేం మార్చలేదే!" అంటుంది అవతలి గొంతు. నిజమే కావచ్చు. ఫైర్‌వాల్‌కు మాత్రం మనసు మారకూడదా?

ఇంతలో స్క్రీన్ అడుగున ఓపెన్ఎస్ఎస్ఎల్‌కు తన అసలు ఉద్యోగం గుర్తొస్తుంది: 'వెరిఫై రిటర్న్ కోడ్: 10'. అవతలి సర్వర్ గుర్తింపు కార్డు లాంటి సర్టిఫికెట్ గడువు తీరిపోయిందని అర్థం. మనం అడిగింది పోర్ట్ సంగతి. అది తెరుచుకుంది గనక ఫిర్యాదు టికెట్ మూసేశారు. సర్టిఫికెట్‌కు వేరే టికెట్ వేయాలట, మేనేజర్ అప్రూవల్‌తో.