‘ఇంటే’ గారికి కర్నూలు నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ‘ఇంటే’ గారి సముఖానికి,

కర్నూలులో అద్దె ఇంట్లో ఉంటున్న నలభై ఎనిమిదేళ్ల మనిషి రాసుకున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. మీరు లేకుంటే ఇంకా క్షేమంగా ఉండేవాళ్లం.

కోస్తా వాళ్లు ‘చేసి ఉంటే’, ‘కొని ఉంటే’ అని మధ్యలో కాస్త ఊపిరి తీసుకుని మరీ బాధపడతారు. మా సీమలో అంత ఓపిక లేదు. చేసింటే, కొనింటే, పోయింటే అని మిమ్మల్ని క్రియకే అతికించేశాం. మా ఇంట్లో అందరికంటే పెద్దవారు మీరే. రేషన్ కార్డులో పేరొక్కటే లేదు.

నాయన చిన్న వయసులో తుంగభద్ర ఒడ్డు వైపు ఒక సైటు బేరమాడి, అడ్వాన్సు ఇవ్వకుండా వెనక్కి వచ్చాడు. ఆ కొనని సైటు మీద మా అమ్మ ఇప్పటికి మూడంతస్తులు కట్టింది. కింద రెండు షాపులు బాడుగకిచ్చింది. ఆ బాడుగతో నన్ను బెంగళూరులో ఇంజనీరింగు చదివించింది, చెల్లెలికి ఇంకా మంచి సంబంధం చేసింది (మా బావ వింటుండగానే). సిమెంటు, ఇసుక, కూలి అన్నీ మీవే.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డాయి. ఆ సైటున్న వీధిలో ఇళ్లు మునిగాయి. మేం ఎత్తున ఉన్న అద్దె ఇంట్లో మిద్దెనెక్కి చూస్తున్నాం. ‘కొనింటే మునిగేటోళ్లం’ అని ఎవరైనా అంటారేమోనని చెవి రిక్కించాను. బురద ఎండేదాకా అమ్మ మీ పేరే ఎత్తలేదు. ఎండిన మరునాడు అంది: “కొనింటే నష్టపరిహారమన్నా వచ్చేది కదరా!”

అప్పటి నుంచే నాకు మీ మీద అనుమానం.

ఆ అనుమానం తీరింది ఒక పాత ఇంగ్లీషు సినిమా చూశాక. 1990లో వచ్చిన ‘మిస్టర్ డెస్టినీ’. జేమ్స్ బెలూషి వేసిన లారీ బరోస్ అనే ఉద్యోగికి ముప్పై అయిదో పుట్టినరోజు. బళ్లో చదివేటప్పుడు బేస్‌బాల్ ఫైనల్లో చివరి బంతిని కొట్టలేకపోయాడు. తన జీవితం ఇలా ఏడవడానికి ఆ బంతే కారణమని ఇన్నేళ్లుగా కుములుతుంటాడు. అంటే మీ పాత ఖాతాదారే. కారు చెడిపోయి ఒక బార్లోకి దూరితే అక్కడ మైక్ అనే ఆయన, మన మైకేల్ కెయిన్, ఒక గ్లాసు పోసిస్తాడు. దాని పేరు ‘ఒలికిన పాలు’. తాగి బయటికొచ్చేసరికి ఆ బంతి తగిలిన జీవితం సిద్ధం. తను పనిచేసిన కంపెనీకే అధ్యక్షుడు, యజమాని కూతురే భార్య, రాజభవనం లాంటి ఇల్లు. కానీ పాత భార్య ఎలెన్‌కు ఇతనెవరో తెలియదు. ఇక తన భార్యనే పరిచయం చేసుకోవడానికి తిప్పలు.

గొప్ప సినిమా అని చెప్పను. కథ ఎటు పోతుందో సగంలోనే తెలిసిపోతుంది. కానీ ఆ మైక్ పెద్దమనిషి. గింజ, తాలు కలిపి మూట మొత్తం తూకం వేసి చేతిలో పెట్టాడు. మీరో? మీ అంగట్లో పైపొర ఉల్లిగడ్డలే కనబడతాయి. అడుగున కుళ్లినవి ఏనాడూ చూపించలేదు.

నేనొక్కణ్నే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. ఊరు ఊరంతా లారీ బరోసే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది, కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు చోటు చాలక గుడారాలు వేశారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు పోయింది. మూడేళ్ల ఒక నెల. గుడారాలు విప్పారు గానీ మీరు మాత్రం కదల్లేదు. కొండారెడ్డి బురుజు పక్కన టీ తాగుతుంటే ఇప్పటికీ ఎవరో ఒక పెద్దాయన మొదలుపెడతాడు: “రాజధాని ఈడే ఉండింటే బళ్లారి చౌరస్తాలో మెట్రో రైలు నిల్చేది.” ఆయనే, టీ మీద రెండు రూపాయలు పెంచారని అంతకుముందే అరగంట గొడవపడ్డాడు. రాజధాని ఉండింటే ఆ టీ ఎంతుండేదో, నాలాంటి అద్దెవాడు ఏ డోన్‌లోనో ఇల్లు వెతుక్కునేవాడో, అది మాత్రం మీరు ఆయనకు చెప్పరు.

2020లో న్యాయ రాజధాని అని చట్టమే చేశారు. 2021 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకున్నారు. మీకు మాత్రం సరుకు నిండింది.

ఇక మీ అసలు బ్రాంచి ఆఫీసు గురించి. తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాలు. తొలకరి పడి మట్టి కడిగితే వజ్రాలు పైకి తేలతాయని జనం మూటాముల్లె కట్టుకుని వస్తారు. దొరికినవాడు తక్కువకు అమ్మి ‘ఇంకో రెండ్రోజులు ఆగింటే’ అంటాడు. దొరకనివాడు ‘పక్క గెనం (పొలం గట్టు) మీద నడిచింటే’ అంటాడు. ఇద్దరూ ఒకే బస్సులో తిరిగొస్తారు. నేను ఆరేళ్లుగా పోతున్నాను. రెండు గాజు పెంకులు, ఒక వడదెబ్బ దొరికాయి.

అందుకే ఈ ఏడు పోనని, మీతో తెగతెంపులు చేసుకుంటానని రాద్దామనే కూర్చున్నాను. ఇంతలో పడమట మబ్బు పట్టింది. పత్తికొండ వైపు రాత్రే వాన పడిందని బావ ఫోన్ చేశాడు. పోకుంటే, నేను రోజూ తిరిగే గెనం మీదే ఎవరికో రాయి దొరికితే, ‘పోయింటే’ అని మళ్లీ మీ గుమ్మంలోనే నిలబడాలి కదా. ఆ బాధ పడలేను. పొద్దున్నే మొదటి బస్సుకు పోతున్నాం. అమ్మ ఇప్పటికే చిత్రాన్నం కడుతోంది.

ఇట్లు,
మీ ఖాతాదారు

తా.క.: గొడుగు బావ తెస్తానన్నాడు. తేకుంటే మిమ్మల్ని దారిలోనే తలుచుకుంటాను.