మూడు వేళ్లు పడుతున్నాయా?

అద్దం ముందు నిలబడి, నోరు బాగా తెరిచి, మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూడండి. పట్టాయా, సరే. గుట్కానో వక్కపొడో నమిలే అలవాటుండి, వేళ్లు పట్టకపోతే మాత్రం ఇవాళే పళ్ల డాక్టర్ దగ్గరికి పోవాలి. కారం తగిలితే నోరు మండటం, మిర్చి బజ్జీ కొరకలేకపోవడం... బుగ్గ లోపలి పొర గట్టిపడి నోరు మూసుకుపోయే జబ్బు ఇట్లాగే మొదలవుతుంది. దీనికి అసలు కారణం వక్క. ఒకసారి గట్టిపడ్డ పొర మళ్లీ మునుపటిలా కాదు, కొందరిలో అదే క్యాన్సర్‌కు దారి తీస్తుంది.

ఇది ముసలివాళ్ల జబ్బే అనుకోకండి. హన్మకొండలో రూములు తీసుకుని కోచింగ్‌కి పోయే పిల్లలకు నిద్ర రావద్దు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే కుర్రాళ్లకు ఆకలి తెలియొద్దు, రాత్రంతా బండి నడిపే డ్రైవర్‌కు రెండూ వద్దు, అందుకే నములుతారు. సిగరెట్ తాగితే బట్టలకు వాసన, ఇంట్లో దొరికిపోతారు. పెదవి కింద చిటికెడు ఖైనీ పెట్టుకుంటే పక్కనున్నవాడికీ తెలియదు, పైగా పొగ లేదు కదా అనే ధీమా. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో పొగ తాగేది 10.7 శాతం, పొగలేని పొగాకు వాడేది 21.4 శాతం. సరిగ్గా రెట్టింపు. సినిమాకు ముందు వేసే, గుట్కా వద్దని చెప్పే ప్రకటనను మీమ్ చేసుకుని నవ్వుకున్నాం కూడా.

గుట్కా మీద నిషేధం ఉంది కదా అంటారు. తినే వస్తువులో పొగాకు, నికోటిన్ ఉండకూడదని 2011 ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది. కానీ పాన్ డబ్బా దగ్గర పాన్ మసాలా ఒక ప్యాకెట్, జర్దా అనే నమిలే పొగాకు ఒక ప్యాకెట్ విడివిడిగా ఇస్తారు, కొన్నవాడు అక్కడే నిలబడి కలుపుకుంటాడు, గుట్కా తయార్. కాలేజీకి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెప్తుంది, తప్పితే జరిమానా 200 రూపాయల దాకా! ఒక్క పూట గల్లాపెట్టెలో తేలిపోతుంది. పోలీసులు సరుకు పట్టుకుని ఫొటో దిగడం వద్దనం, అయితే దాంతో నమిలేవాడు మానడు.

మానించే దాకా ఎవరూ పోవడం లేదు, మా గొడవంతా అదే. మానేసిన మొదటి రోజుల్లో చిరాకు, తలనొప్పి, పుస్తకం మీద ధ్యాస నిలవకపోవడం ఉంటాయి. అవి నికోటిన్ అందక వచ్చేవని తెలియక పరీక్ష టెన్షన్ అనుకుని మళ్లీ ప్యాకెట్ చింపుతారు. సాయం చేసే టోల్‌ఫ్రీ నంబర్ 1800-11-2356 ఆ ప్యాకెట్ మీదే ఉంటుంది, చింపేటప్పుడు ఎవరు చదువుతారు?

రోగులు వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఓపీకి వచ్చేదాకా ఆగకుండా, మిర్చి సీజన్‌లో వారానికో రోజు పళ్ల డాక్టర్లే మార్కెట్ గేటు దగ్గర కూర్చోవాలి. మూడు వేళ్ల పరీక్షకు టార్చిలైటు కూడా అక్కర్లేదు. హాస్టల్ వార్డెన్లకు ఇంకో మాట: దొరికిన పిల్లాణ్ని గెంటేస్తే బయట రూమ్ తీసుకుని అక్కడ నములుతాడు. పక్కన కూర్చోబెట్టుకుని ఆ నంబర్ మీరే కలపండి.