ముందు స్పీకర్లను పాడనివ్వండి, వెనకవాటి సంగతి తర్వాత

కారులో యాంప్లిఫైయర్ బిగించడం సగం పని, సెట్టింగ్ మిగతా సగం. మన హన్మకొండ, వరంగల్‌లో ఆ మిగతా సగం దాదాపు ఎవరూ చేయడం లేదు, చేయమని అడిగేవాళ్ళూ లేరు. అందుకే ఇది రాస్తున్నా. కాస్త పొడుగ్గా ఉంటుంది, కానీ కారులో పాట వినడమంటే ప్రాణం పెట్టేవాళ్ళు చివరిదాకా చదవండి.

మన దగ్గర మామూలుగా వేసే సెట్ ఏంటి? ముందు డోర్లలో ఆరున్నర అంగుళాల స్పీకర్లు, అద్దం పక్కన సన్నటి శబ్దాల కోసం చిన్న ట్వీటర్లు, వెనక పార్సిల్ ట్రే మీద పెద్ద ఓవల్ స్పీకర్లు, సీటు కిందో డిక్కీలోనో నాలుగు స్పీకర్లను నడిపే ఒక ఫోర్ ఛానల్ యాంప్, ఇంకాస్త డబ్బుంటే లోతైన శబ్దాలకు బాస్ ట్యూబ్. సామాను మంచిదే ఉంటుంది. పాట పెడితే మాత్రం పాడే మనిషి గొంతు మెడ వెనక నుంచి వస్తుంది. ముందు స్పీకర్లు మోగుతున్నాయో లేదో డోర్ దగ్గరికి వంగి చూసుకోవాల్సిన పరిస్థితి. ఎవరి కారు ఎక్కినా ఇదే.

ఎందుకిలా అవుతుందో షాపుల ముందు నిలబడి చూస్తే అర్థమవుతుంది. పని అయిపోగానే పిల్లగాడు డిక్కీ తెరుస్తాడు. వెనక నిలబడి పాట పెడతాడు. కారు ఓనర్ కూడా వచ్చి అక్కడే, డిక్కీ దగ్గరే నిలబడతాడు. ఓవల్ స్పీకర్లు, బాస్ ట్యూబ్ ఎదురుగా ఉంటాయి కాబట్టి ఛాతీ అదురుతుంది. "అన్నా, సౌండ్ మస్తు వస్తుంది కదా, ఇంకేం గావాలె?" అంటాడు. నిజమే, మస్తుగానే వస్తుంది, కానీ డిక్కీ దగ్గర నిలబడి కారు నడిపేవాళ్ళు ఎవరూ ఉండరు కదా. డ్రైవర్ సీట్లో కూర్చొని, నాలుగు డోర్లూ వేసి, ఒక్క పాట పూర్తిగా విని సెట్ చేసిన షాపును నేను ఇంతవరకు చూడలేదు. నాకు మండేది అక్కడే.

ఒగ్గు కథ జరుగుతుంటే మనం ఎట్లా కూర్చుంటాం? కథ చెప్పేవాళ్ళకు ఎదురుగా కూర్చుంటాం, వాళ్ళకు వీపు పెట్టి కూర్చోం. పాట కూడా అంతే. స్టీరియోలో రికార్డు చేసేటప్పుడే పాడే గొంతు కుడి ఎడమలకు సమానంగా వేస్తారు, మన ఎదుట మధ్యలో నిలబడి పాడుతున్నట్టు వినపడాలని. ముందు రెండు స్పీకర్లూ సరిగ్గా మోగితే ఆ గొంతు డాష్‌బోర్డు మీద నుంచి వస్తుంది. కోరస్ అటూ ఇటూ పరుచుకుంటుంది. బతుకమ్మ పాటలో చప్పట్లు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరుగుతున్నట్టు తెలుస్తుంది. డప్పు మీద సిర్రా పడిన దెబ్బకూ, చిటికెన పుల్ల దెబ్బకూ తేడా తెలుస్తుంది. వెనక స్పీకర్లు గట్టిగా మోగితే ఇదంతా కలగాపులగమైపోతుంది. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి వస్తే, ముందుగా చేరిన వైపు నుంచే వస్తున్నట్టు చెవి నమ్ముతుందని హెల్మట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు 1949లోనే రాశాడు. కానీ ఆలస్యంగా వచ్చేది మరీ గట్టిగా ఉంటే ఆ లెక్క తప్పుతుంది. మన కార్లలో జరుగుతున్నది అదే.

ఓవల్ స్పీకర్లు ఎక్కువ మోగడానికి ఇంకో కారణం కూడా ఉంది. కోన్ పెద్దది కాబట్టి అదే కరెంటుకు అవి డోర్ స్పీకర్ల కంటే సాధారణంగా ఎక్కువ శబ్దం చేస్తాయి, పైగా వాటి మీదే వెనక అద్దం ఉండి శబ్దాన్ని తిప్పి కొడుతుంది. అంటే యాంప్ మీద నాబ్‌లు నాలుగు ఛానళ్ళకూ ఒకేలా తిప్పినా వెనకవే గెలుస్తాయి. షాపులో జరిగేది సరిగ్గా అదే, ముందు జతకొకటి, వెనక జతకొకటి ఉండే రెండు గెయిన్ నాబ్‌లూ ఒకే చోట, అదీ ముప్పావు వంతు మించి.

ఇప్పుడు గెయిన్ సంగతి. దీని గురించి ఉన్నంత అపోహ ఇంక దేని గురించీ లేదు. గెయిన్ పెంచితే యాంప్ పవర్ పెరగదు. డాష్‌బోర్డులోని స్టీరియో నుంచి యాంప్‌కు వచ్చే సిగ్నల్ ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, కొన్నింటిలో 2 వోల్టులు, కొన్నింటిలో 4. ఆ వచ్చేదానికి యాంప్‌ని సరిపెట్టడానికే ఆ నాబ్ ఉంది. దాన్ని చివరిదాకా తిప్పితే ఏమవుతుంది? స్టీరియో వాల్యూమ్ సగం కూడా రాకముందే యాంప్ తన శక్తి అంతా పెట్టేస్తుంది. ఆ పైన ఎంత పెంచినా పాట తలా తోకా కోసేసినట్టు వస్తుంది, దాన్నే క్లిప్పింగ్ అంటారు. పాట లేనప్పుడు "సుయ్" మని సన్నటి మోత కూడా దాని వల్లే ఎక్కువవుతుంది. క్లిప్పింగ్‌కు ముందుగా బలయ్యేది ట్వీటర్.

మా చిన్నమ్మ కొడుకు కారుకు అట్లనే అయింది. కొత్త యాంప్ వేయించి ఎక్కువ రోజులు కాలేదు, ఒక పక్క ట్వీటర్ మూగబోయింది. "అన్నా, స్పీకరే డూప్లికేట్ ఇచ్చిండ్రా ఏంది?" అని తీసుకొచ్చాడు. సీటు జరిపి యాంప్ చూశాం. ముందు ఛానల్ గెయిన్ పూర్తిగా కుడి చివర. వెనకదీ అక్కడే. బాస్ బూస్ట్ నాబ్ 12 డెసిబెల్స్ మీద. ఏ స్పీకర్‌కు ఏ శబ్దాలు పోవాలో చెప్పే ఫిల్టర్ స్విచ్ రెండు వైపులా 'ఫుల్' మీద, అంటే ఆరున్నర అంగుళాల డోర్ స్పీకర్‌కు బాస్ ట్యూబ్ చేయాల్సిన పని కూడా అంటగట్టారు. ట్వీటర్ విప్పి ముక్కు దగ్గర పెడితే కాలిన లక్క వాసన. స్పీకర్‌లో లోపమేమీ లేదు. దాన్ని కాల్చింది ఆ సెట్టింగ్.

ఇంకో ఘోరం అదే కారులో కనపడింది, తర్వాత వేరే కార్లలోనూ చూశాను. స్టీరియో వెనక నుంచి ఒక్క జత వైరే యాంప్ దాకా లాగి, యాంప్ మీద స్విచ్‌ను టూ ఛానల్ ఇన్‌పుట్‌లో పెట్టి, దానితోనే నాలుగు స్పీకర్లూ మోగిస్తున్నారు. ఒక వైర్ మిగులుతుంది కదా. కానీ అట్లా చేస్తే స్టీరియోలో శబ్దాన్ని ముందుకూ వెనక్కూ పంచే ఫేడర్ పని చేయదు. మీ కారులో ఇప్పుడే చూడండి, ఫేడర్ పూర్తిగా ముందుకు జరపండి. వెనక స్పీకర్లు ఆగిపోవాలి. ఆగకపోతే మీకు రెండో జత వైర్ వేయలేదన్నమాట, వెళ్ళి అడగండి, డబ్బు ఇచ్చారు కాబట్టి అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

సరే, సరిగ్గా ఎట్లా చేయాలి? కావాల్సింది ఒక మల్టీమీటర్, పెన్‌డ్రైవ్‌లో ఒక టెస్ట్ టోన్ ఫైలు, అంటే ఒకే స్వరం ఒకే స్థాయిలో మోగేది. బ్లూటూత్ వద్దు, ఫోన్ వాల్యూమ్ మారితే లెక్క మొత్తం మారిపోతుంది. స్టీరియోలో ఈక్వలైజర్ అంతా సున్నా, లౌడ్‌నెస్ ఆఫ్, ఫేడర్ మధ్యలో. యాంప్‌లో బాస్ బూస్ట్ సున్నా, ఫిల్టర్ స్విచ్‌లు అప్పటికి 'ఫుల్' మీద, గెయిన్‌లు పూర్తిగా ఎడమకు. స్పీకర్ వైర్లు యాంప్ నుంచి తీసేయాలి, లేకపోతే ఆ టోన్‌కు చెవులూ స్పీకర్లూ రెండూ పోతాయి. ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచాలి, ఎందుకంటే నడిచేటప్పుడు యాంప్‌కు అందేది దాదాపు 14 వోల్టులు, ఇంజన్ ఆపితే 12 చిల్లర. కారు బయటే పెట్టి చేయండి, మూసిన గ్యారేజీలో వద్దు. స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు, 40 వరకు ఉంటే 30 దగ్గర పెట్టి టోన్ ప్లే చేయాలి.

మీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి, ముందు ఛానల్ ప్లస్, మైనస్‌ల మధ్య చూడాలి. ఎంత రావాలన్నది మీ స్పీకర్‌ను బట్టి. ఆర్ఎంఎస్ వాట్లను (ఆగకుండా తట్టుకునే పవర్) ఓమ్‌లతో (స్పీకర్ నిరోధం) గుణించి వర్గమూలం తీయండి. 50 వాట్లు, 4 ఓమ్‌లు అయితే 200కి వర్గమూలం, 14.1 వోల్టులు. 75 వాట్లయితే 17.3. యాంప్ రేటింగ్, స్పీకర్ రేటింగ్ రెండింటిలో ఏది తక్కువో అదే తీసుకోండి. గెయిన్ నెమ్మదిగా తిప్పుతూ ఆ అంకె రాగానే ఆపేయండి. ఇంకో చిన్న విషయం, మూడు నాలుగు వందలకు దొరికే మీటర్లు మన ఇంటి 50 హెర్ట్జ్ కరెంటు కొలవడానికి చేసినవి, 1000 హెర్ట్జ్ టోన్ పెడితే కొన్ని తక్కువ చూపిస్తాయి. అటువంటిది ఉంటే 100 హెర్ట్జ్ టోన్ వాడండి, ఫిల్టర్ ఫుల్‌లోనే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

వెనక ఛానల్‌కు నా మాట వినండి, ముందుదానికి సగం వోల్టులు పెట్టండి. ముందు 14 వస్తే వెనక 7. సగం వోల్టులంటే 6 డెసిబెల్స్ తక్కువ. డ్రైవర్ సీట్లో కూర్చుంటే వెనకవి మోగుతున్నట్టు విడిగా తెలియదు, కానీ ఆపేస్తే కారు కాస్త ఖాళీ అయినట్టు అనిపిస్తుంది. వెనక స్పీకర్ల పని అంతే.

"మరి వెనక కూర్చునే అమ్మానాన్నలకు వినపడొద్దా" అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. కారు లోపల ఎంత చోటుందని? ముందు స్పీకర్లు బాగా మోగితే వెనక సీటుకూ చక్కగా చేరుతుంది. ఇంటిల్లిపాదీ మేడారం పోతున్నప్పుడు ఫేడర్ రెండు పాయింట్లు వెనక్కి జరపండి, ఒక్కరే పోయేటప్పుడు మళ్ళీ ముందుకు. ఫేడర్ ఉన్నది రోజూ వాడుకోవడానికే. గెయిన్‌ను ఒకసారి సెట్ చేశాక ముట్టుకోకూడదు. వెనక సీట్లో ప్యాసింజర్లే ఎప్పుడూ ఉండే ట్యాక్సీ అయితే వేరే సంగతి, అప్పుడు సమానంగా పెట్టుకోండి, తప్పేం లేదు.

గెయిన్ అయ్యాక స్పీకర్ వైర్లు బిగించి ఫిల్టర్లకు రండి. ముందు వాటికి హై పాస్ (అంతకంటే లోతైన బాస్‌ను ఆపేది) 80 హెర్ట్జ్, వెనకవాటికి 100, బాస్ ట్యూబ్‌కు లో పాస్ (అంతకంటే పై శబ్దాలను ఆపేది) 80. ఇక్కడ మొదలుపెట్టి చెవికి నచ్చినట్టు కాస్త అటూ ఇటూ జరుపుకోండి. బాస్ ట్యూబ్ లేనివాళ్ళు ముందు 60 దాకా దించుకోవచ్చు, వాల్యూమ్ మరీ పెంచనంత వరకు.

ఇన్ని చేసినా బాస్ పల్చగా ఉంటే ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారు అయ్యాయేమో చూడండి. ఒకటి బయటికి తోస్తుంటే ఇంకోటి లోపలికి లాగుతుంది, రెండూ కలిసి బాస్‌ను మింగేస్తాయి. దీనికి ఒక పెన్సిల్ సెల్ చాలు. యాంప్ దగ్గర స్పీకర్ వైర్లు విప్పి, సెల్ ప్లస్‌కు వైర్ ప్లస్, మైనస్‌కు మైనస్ ఒక్క క్షణం తాకించండి. "టప్" మని కోన్ ముందుకు రావాలి. జాలీ తీసి ఒకరిని దగ్గరగా చూడమనండి, కదలిక చిన్నదే అయినా కంటికి కనపడుతుంది. వెనక్కి పోతే ఆ వైర్ తిరగేయండి.

టైమ్ అలైన్‌మెంట్, అంటే ఒక్కో స్పీకర్ శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసే సౌకర్యం, ఉన్న స్టీరియో అయితే అదీ వాడుకోండి. మనకు స్టీరింగ్ కుడి వైపు, కుడి డోర్ స్పీకర్ దగ్గర, ఎడమది దూరం. శబ్దం ఒక మిల్లీ సెకనులో దాదాపు 34 సెంటీమీటర్లు పోతుంది. టేపు పెట్టి కొలిస్తే రెండింటికీ అర మీటరు తేడా ఉందనుకోండి, కుడిదాన్ని ఒకటిన్నర మిల్లీ సెకన్లు ఆలస్యం చేస్తే సరి, గొంతు మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది.

ఇక డబ్బా మీద వాట్ల గురించి. "1000 వాట్స్" అని ఉంటే నమ్మకండి, యాంప్‌కు ఉన్న ఫ్యూజ్ చూడండి. 30 ఆంపియర్ల ఫ్యూజ్ అంటే 14 వోల్టులతో గుణిస్తే లోపలికి పోయేదే 420 వాట్లు. అందులో క్లాస్ ఏబీ రకం యాంప్ దాదాపు సగం వేడి కింద పోగొడుతుంది. 200 వాట్లు బయటికొస్తే గొప్ప. పోనీ వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే 10 కావాలి. ఆ డబ్బు ముందు డోర్లకు రేకు అదురును ఆపే డ్యాంపింగ్ షీట్ వేయించడానికి పెట్టండి. జనగామ మీదుగా హైదరాబాద్ రోడ్డు మీద 90లో పోతుంటే టైర్ల మోతలో బాస్ ఎక్కడ మాయమవుతుందో, డ్యాంపింగ్ వేశాక ఎంత తిరిగి వస్తుందో మీకే తెలుస్తుంది. యాంప్ సీటు కింద ఉంటే దాని చుట్టూ కార్పెట్ కప్పకండి. ఎండాకాలం రామగుండం, మంచిర్యాల వైపు 45 డిగ్రీల్లో కారు ఎండలో ఉండి వస్తే, గాలి ఆడని యాంప్ ప్రొటెక్షన్‌లోకి పోయి ఆగిపోతుంది, మీరేమో పాడైందనుకొని టెన్షన్ పడతారు. బ్యాటరీ దగ్గర, అరడుగు అడుగు దూరంలోనే ఫ్యూజ్ ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే ఆ కారు నడపకండి. వైర్ ఎక్కడైనా బాడీకి రాసుకుంటే మంట అంటుకుంటుంది.

షాపుల్లో పనిచేసే పిల్లల మీద నాకు కోపం లేదు. రోడ్డు పక్కన ఎండలో డోర్లు విప్పుతారు, రోజుకు ఎన్ని కార్లు దించావన్నదే ఓనర్ లెక్క, సెట్టింగ్ ఎట్లా చేయాలో వాళ్ళకు కూర్చోబెట్టి నేర్పిన మనిషి లేడు. నా కోపం షాపు ఓనర్ల మీద. యాంప్ మీద వేలల్లో బిల్లు వేస్తారు, ఒక్క మల్టీమీటర్, అరగంట టైమ్ పెట్టలేరా? ఆ అరగంటకు విడిగా ఐదు వందలు తీసుకోండి, బిల్లులో రాయండి, సంతోషంగా ఇస్తాం. మనం కూడా బేరమాడేటప్పుడు వంద తగ్గించమనే బదులు "తమ్మీ, గెయిన్ మీటర్ పెట్టి సెట్ చేయి, నేను డ్రైవర్ సీట్లో కూర్చొని వింటా" అని అడుగుదాం. నలుగురు అడిగితే ఐదో మనిషికి అడగకుండానే చేస్తారు.

హన్మకొండ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా మీటర్ లేకపోతే ఆదివారం పొద్దున మెసేజ్ పెట్టి రండి, నా దగ్గర ఉంది. మీ యాంప్ స్పీకర్ టెర్మినళ్ళకు పట్టే అలెన్ కీ మాత్రం తెచ్చుకోండి, ఒక్కో కంపెనీకి ఒక్కో సైజు.