సెక్షన్ 19 సర్టిఫికెట్ గారికి

బ్రిటన్ పార్లమెంటులో ప్రతి ప్రభుత్వ బిల్లు నెత్తిన కొలువుదీరే మహారాజశ్రీ సెక్షన్ 19 సర్టిఫికెట్ గారికి,

ఉభయకుశలోపరి. మీ క్షేమం ప్రత్యేకంగా అడగను. అది మీకు మీరే రాసిచ్చుకోగలరు.

1998 మానవ హక్కుల చట్టం మిమ్మల్ని కన్నది. బిల్లు పెట్టే మంత్రిగారు, రెండో రీడింగ్‌కు (సభలో బిల్లు మీద మొదటి పెద్ద చర్చ) ముందే, "నా అభిప్రాయంలో ఇది యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలోని హక్కులకు అనుగుణంగా ఉంది" అని రాయాలి. ఎలా ఉందో రాయాలని మాత్రం ఆ సెక్షన్ అడగదు. మా దగ్గర జిరాక్స్ కాపీ మీద సెల్ఫ్ అటెస్టేషన్ చేశాక కూడా కౌంటర్లో "ఒరిజినల్ ఏదండీ?" అంటారు. (ఈమధ్య మీవాళ్లు ఎలా ఉందో వివరిస్తూ విడిగా ఒక మెమో జతచేస్తున్నారు. సంతోషం. దాన్ని రాసేదీ ఆ శాఖవాళ్లే.)

ఎవరి పెరుగు వాళ్లకి కమ్మనే కదా. 2001లో హోంమంత్రి డేవిడ్ బ్లంకెట్ ఉగ్రవాద నిరోధక బిల్లు తెచ్చారు. అనుమానం ఉన్న విదేశీయుల్ని, వెనక్కి పంపడం కుదరకపోతే, విచారణ లేకుండా ఎన్నాళ్లయినా లోపల ఉంచొచ్చు. ఆ ఒప్పందంలోని స్వేచ్ఛా హక్కు నుంచి ముందే మినహాయింపు తెచ్చుకుని, ఆ తర్వాత "అనుగుణమే" అని మీ చేత అనిపించారు. కొందరు బెల్‌మార్ష్ జైల్లో మూడేళ్లు గడిపాక, 2004 డిసెంబరులో అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులు తొమ్మిదిమంది కూర్చుని 8-1తో తేల్చారు: హక్కులతో పొసగదు. అప్పటికీ చట్టం రద్దు కాలేదు. అక్కడి కోర్టు పొసగదని ప్రకటించగలదు, అంతే. 2005లో పార్లమెంటే దాన్ని మార్చుకుంది.

మీకు రెండో ముఖం ఉంది, 19(1)(బి). "అనుగుణమని చెప్పలేను, అయినా సభ ముందుకు సాగాలి." పెరుగు పులిసిందేమో, విస్తరి వేశాం, కూర్చోండి! 2002లో టెస్సా జోవెల్ టీవీ, రేడియోల్లో రాజకీయ ప్రకటనల నిషేధం కోసం ఇలాగే రాశారు. 2013లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 9-8తో ఆ నిషేధం హక్కులకు భంగం కాదంది. అనుగుణంగా ఉందని మీరు పూచీ పడ్డది పోయింది, చెప్పలేనన్నది నిలిచింది!

అక్కడితో (బి) రుచి మరిగినట్టున్నారు. 2023 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు, ప్రభుత్వం శరణార్థుల్ని పంపేయాలనుకున్న రువాండా వాళ్లకు సురక్షితం కాదంది. మరుసటి నెలే హోంమంత్రి జేమ్స్ క్లెవర్లీ, రువాండా సురక్షితమేనని కోర్టులు కళ్లు మూసుకుని నమ్మాలనే బిల్లు తెచ్చారు. మొదటి పేజీలో మీరు: చెప్పలేను, అయినా కానివ్వండి. ఒక దేశం భద్రంగా ఉందని చట్టం చేయగలిగినవాళ్లు, మీ మీద "అనుగుణమే" అని రాయడానికి మాత్రం ఎందుకు మొహమాటపడ్డారో!

ఇట్లు,
మీ వీరాభిమాని

తా.క.: ఈ లేఖ మర్యాదలకు అనుగుణంగా ఉందని నేను చెప్పలేను. అయినా మీరు చదవాలని కోరుతున్నాను.