పదహారు పడకల పడవమ్మకు నెల్లూరు నుంచి జాబు

పడవమ్మా,

ఉభయకుశలోపరి. ఇక్కడ నెల్లూరులో తెల్లారి ఆరవుతుంటే ఈక్వడార్ వాళ్ళ నీ గాలాపాగోస్ దీవుల్లో ముందురోజు సాయంత్రం ఆరున్నర. ఆరు గంటలకల్లా దీవులు ఖాళీ చేయాలని నేషనల్ పార్కు రూలు కాబట్టి, ఈపాటికి నీ పదహారు మందినీ రబ్బరు డింగీల్లో వెనక్కి తెచ్చి, కాళ్ళు కడిగించి, బూట్లు పెట్టెలో వేయించి, రేపటి పాఠం వినడానికి హాల్లో కూర్చోబెట్టే పనిలో ఉంటావు. తీరిక లేదని తెలుసు. అయినా కాస్త చదువు.

నీ బ్రోచరు రాసిందెవరోగానీ పెళ్ళి సంబంధాలు కుదర్చడంలో చెయ్యి తిరిగిన మనిషి అయ్యుండాలి. అట్ట మీద మూడు పక్షుల్ని ఒకే వరసలో నిలబెట్టారు: ఎగరలేని కార్మోరెంటు, ఎర్రకాళ్ళ బూబీ, ఆల్బట్రాస్. ఈ మూడూ నిజంగా ఒకచోట కలవాలంటే వాటికే నీ టిక్కెట్లు కొనివ్వాలి. కార్మోరెంటు ఉండేది పడమటి చివర ఫెర్నాండినాలోనూ, ఇసబెలా తీరాల్లోనూ. ఎర్రకాళ్ళ బూబీల పెద్ద గుంపు ఈశాన్యాన హెనోవేసాలో. ఆల్బట్రాస్ గూడు పెట్టేది ఆగ్నేయాన ఎస్పానియోలాలో, అదీ ఏప్రిల్ నుంచి డిసెంబరు లోపల. సంక్రాంతి సెలవులు కలిసొస్తాయని జనవరిలో వచ్చిన మావోళ్ళకు ఆల్బట్రాస్ బ్రోచరులో తప్ప ఇంకెక్కడా కనపడదు. అది అప్పటికి పెరూ వైపు సముద్రం మీద తిరుగుతుంటుంది.

అన్నీ ఒక్క వారంలో చూపించడం నీ చేతుల్లోనూ లేదులే. ఒక పడవ ఒకే చోటికి పద్నాలుగు రోజుల్లోపు రెండోసారి రాకూడదని 2012లో పార్కు వాళ్ళు కట్టడి పెట్టారు. అందుకని నువ్వు పదిహేను రోజుల చుట్టు ఒకటి గీసుకుని, దాన్ని ముక్కలు కోసి నాలుగు రోజులు, అయిదు రోజులు, ఎనిమిది రోజులు అని అమ్ముతావు. సబబే. కానీ ఏ ముక్కలో ఏ దీవి ఉందో చివరి పేజీలో, కళ్ళజోడుకు కూడా చిక్కని అక్షరాల్లో వేస్తావు. కొనేవాళ్ళు డబ్బు కట్టకముందే అడగాల్సిన ప్రశ్న అదే: పడమటి చుట్టా, తూర్పు చుట్టా, ఏ నెలలో?

ఇది వాస్తు పట్టింపు కాదు. ఆ దీవుల కింద భూమి లోపల ఒక వేడి చోటు ఉంది. దాని మీదుగా నాజ్కా అనే భూఫలకం తూర్పు వైపు జరిగిపోతూ ఉంటుంది. అందుకే పడమటివి పడుచు దీవులు, తూర్పువి ముసలివి. ఫెర్నాండినా 2024 మార్చిలో కూడా లావా కక్కింది. పడమట నల్లటి రాయి, లోతునుంచి పైకి తన్నుకొచ్చే చల్లటి నీళ్ళు, ఆ నీళ్ళలో చేపలు, చేపల కోసం పెంగ్విన్లు. తూర్పున అరిగి కుంగిన కొండలు, తెల్ల ఇసుక, దాని మీద అడ్డదిడ్డంగా పడి నిద్రపోయే సముద్ర సింహాలు. రెండూ బాగుంటాయి. రెండూ ఒకటి కావు.

'అన్నీ కలిపి' అంటావు చూడు, ఆ మాట దగ్గర మాకు నవ్వొస్తుంది. పన్నెండేళ్ళు దాటిన విదేశీయుడికి పార్కు ఫీజు 200 డాలర్లు, అదీ నోట్లు. 2024 ఆగస్టు దాకా అది 100 ఉండేది. దీవుల్లోకి పోనిచ్చే ట్రాన్సిట్ కార్డుకు ఇంకో 20. ఈక్వడార్ ఊళ్ళు క్విటో నుంచో గ్వయాకిల్ నుంచో దీవుల్లోని బాల్ట్రాకు విమానం, నీళ్ళలో చలి ఆపే తడి సూటు (వెట్ సూట్) అద్దె, సిబ్బందికి ఇచ్చే టిప్పు, ఇవేవీ చాలామటుకు నీ లెక్కలో ఉండవు. ఒంటరిగా వచ్చినవాడికి పక్కనున్న ఖాళీ పడక బాడుగ కూడా అంటగడతావు. మరి కలిపింది ఏంది? అన్నం, మంచం, ఊపు.

ఊపు సంగతి తీరిగ్గా చెప్పుకోవాలి. దీవికీ దీవికీ మధ్య నువ్వు రాత్రిపూట నడుస్తావు. అడుగు అంతస్తు గది చౌక అని తీసుకున్నవాడికి గోడ అవతలే ఇంజను. ముందు భాగంలో గది వచ్చినవాడి తలాపునే లంగరు గొలుసు, తెల్లారి నాలుగింటికో అయిదింటికో అది గరగరా దిగుతుంది. పై అంతస్తులో చూడటానికి సముద్రమంతా కనపడుతుంది, ఊపూ అక్కడే ఎక్కువ. నడిమధ్యన, నీటి మట్టానికి దగ్గరగా ఉన్న గదే కాస్త నిద్ర పట్టనిచ్చేది. మీ పడవల్లో రెండు పొట్టల రకానిది (కాటమరాన్) పక్కలకు ఊగడం తక్కువే, కానీ ఎదురుగాలిలో అల కిందనుంచి దబ్బుమని కొడితే బల్ల మీది గ్లాసు ఎగిరిపడుతుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సముద్రం మరీ మొండికేస్తుంది. మైపాడులో అలలు చూసి పెరిగినోళ్ళం మాకేంది అనుకునే ధైర్యం మొదటి రాత్రి పదకొండింటి దాకా ఉంటుంది.

తిరుమల ఘాట్ రోడ్డుకు వేసుకునే అవోమిన్ మాత్రే ఇక్కడా పనికొస్తుంది, డాక్టరు సరేనంటే. కాకపోతే లంగరు ఎత్తకముందే, పొట్ట నెమ్మదిగా ఉన్నప్పుడే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే భోజనంతో పాటు అదీ బయటికే వస్తుంది. మత్తుగా ఉంటుంది కాబట్టి మర్నాటి ఉదయం దీవి మీద తూగకుండా చూసుకోవాలి.

ఇక నీ 'వెట్ ల్యాండింగ్'. బ్రోచరు బొమ్మలో ఒక తెల్లమ్మ నవ్వుతూ పాదాలు తడుపుకుంటా ఉంటుంది. జరిగేది ఇది. డింగీ ముక్కు ఇసుక వైపు పెట్టి ఇంజను తగ్గిస్తారు. అందరూ రబ్బరు గట్టు మీద కూర్చునే ఉండాలి, ఒక్కరు లేచినా పడవ ఒరుగుతుంది. వంతు వచ్చినవాడు కూర్చునే ముందుకు జరిగి, రెండు కాళ్ళూ ఒకేసారి బయటికి వేసి, సరంగు చెప్పేదాకా ఆగాలి. అల వెనక్కి పోతున్నప్పుడు మోకాలి లోతు నీళ్ళలోకి జారాలి. వస్తున్నప్పుడు దిగితే నడుం దాకా తడుస్తుంది, పైగా డింగీ వచ్చి వెనక తొడలకు తగులుతుంది. దూకకూడదు. చెయ్యి ఇవ్వాల్సింది అరచేతితో కాదు, ముంజేతికి ముంజెయ్యి పట్టు. తడి అరచేయి జారుతుంది, ముంజెయ్యి జారదు. ఇంకో చేతిలో కెమెరా ఉండకూడదు, అది అప్పటికే నీళ్ళు చొరని సంచీలో ఉండాలి. మావోళ్ళు సరిగ్గా కాలు బయట పెట్టే క్షణంలో "ఒక్క ఫొటో తీయబ్బా" అంటారు. నీళ్ళలో పడే ఫోన్లలో ఎక్కువ భాగం ఆ ఒక్క ఫొటో కోసమే పడుంటాయి.

చీర కట్టుకుని దిగే పెద్దామెలకు కష్టం. తడిసిన కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టుకుంటాయి. మోకాళ్ళ దాకా మడవగలిగే పాంటు మేలు.

'డ్రై ల్యాండింగ్' అంటే పొడి అని మోసపోకూడదు. పాచి పట్టిన రాయి మీద అడుగు వేయడం దాని అసలు అర్థం. మెట్లుంటే వాటి మీద సముద్ర సింహం పడుకుని ఉంటుంది. దాన్ని లేపే హక్కు నీ కెప్టెనుకు కూడా లేదు, చుట్టూ తిరిగి పోవాలి.

దిగాక కాలికింద ఉండేది మాగాణి కాదు. శాంటియాగో దీవి సల్లివన్ బే దగ్గర లావా బాణలిలో ముద్దగా అంటుకుపోయిన జంతికల్లా మెలికలు తిరిగి గడ్డకట్టి ఉంటుంది. దాని మీద నడక ఫర్వాలేదు. గరుకు రకం లావా మీద మాత్రం చెప్పు అట్ట వారానికే చిరుగుతుంది, మోకాలు ఆనితే చర్మం లేస్తుంది. ముందువైపు మూసి ఉన్న బూటే గతి. బార్టొలొమేలో మూడువందల డెబ్భైకి పైగా చెక్క మెట్లు, పైకి 114 మీటర్లు. అలిపిరి ఎక్కినోళ్ళకు అది లెక్కలోది కాదు, కానీ అక్కడ నీడన్నది లేదు, మజ్జిగ పోసేవాడూ లేడు.

నీళ్ళలో దిగేవాళ్ళకు ఇంకో మాట, ఇది ఏ బ్రోచరూ రాయదు. మీసం ఉంటే, నీళ్ళలో ముఖం ముంచి చూడటానికి పెట్టుకునే స్నార్కెల్ మాస్కు కారుతుంది. రబ్బరు అంచు చర్మానికి అంటాలి, మీసం మీద అంటదు. వ్యాజిలైన్ దట్టంగా రాస్తే కొంత ఆగుతుంది, లేదా పై అంచు వెంట సన్నగా గొరిగించుకోవాలి. నెల్లూరు మగాళ్ళు ఈ రెండో ఉపాయానికి ఒప్పుకోరు, కాబట్టి వ్యాజిలైన్ డబ్బా తెచ్చుకోండయ్యా. జూన్ నుంచి నవంబరు దాకా నీళ్ళు చల్లన, పొట్టి తడి సూటు చాలదు, నిండుగా ఉండేది అడిగి తీసుకోవాలి.

భోజనం గురించి ఎక్కువ గోల చేయం. చేప ఉంటుంది, పులుసు ఉండదు. శాకాహారులు బుకింగ్ అప్పుడే చెప్పాలి, నడిసముద్రంలో చెబితే వంటవాడు అరటికాయ వేపుడుకు మించి ఏం చేస్తాడు పాపం.

పచ్చళ్ళు, పండ్లు కట్టుకొచ్చే మా అలవాటుకు మాత్రం నీ దగ్గర గట్టి దెబ్బ తగులుతుంది. విమానం ఎక్కకముందే సామాను తనిఖీ చేసి ముద్ర వేస్తారు. తాజా పండ్లు, గింజలు, మొక్కలు, మట్టి ఏవీ దాటవు. "ఒక్క జామకాయకేనా ఇంత గొడవ" అనిపిస్తుంది. అయ్యా, జామే అక్కడ విలన్. ఎవరో తెచ్చి నాటిన జామ కొండల మీది అడవినంతా ఆక్రమించింది. చెరువుల్లో సర్కారు తుమ్మ ఏం చేసిందో చూసినోళ్ళం కాబట్టి మాకు దీని మీద పుస్తకం అక్కర్లేదు. మేకలు వదిలితే తాబేళ్ళకు మేత లేకుండా పోయింది. ఉత్తర ఇసబెలాలోనూ శాంటియాగోలోనూ వాటిని ఏరిపారేయడానికి 2006 దాకా పట్టింది, హెలికాప్టర్లలోంచి కాల్చాల్సి వచ్చింది. అందుకే ఒక దీవి ఇసుక ఇంకో దీవికి పోకుండా బూటు అడుగులు కూడా కడిగిస్తారు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. నీ గైడు. పదహారు మందికి ఒకడు, పార్కు లైసెన్సు ఉన్నవాడు, వాడు లేకుండా నీ మీదివాళ్ళు దీవి మీద కాలు పెట్టకూడదు. నలుపు తెలుపు గూటాల మధ్యనే నడవాలి. ప్రాణికి రెండు మీటర్లు ఎడం. ఫ్లాష్ వద్దు, డ్రోన్ వద్దు, మంచినీళ్ళు తప్ప తిండి వద్దు. ఎస్పానియోలాలో మాకింగ్ పక్షి వచ్చి సీసా మూత మీద వాలి నీళ్ళ కోసం పొడుస్తుంది, ఒక్క చుక్క కూడా పోయకూడదు. దాహమైన పిట్టకు నీళ్ళు పోస్తే పుణ్యమని పెరిగినోళ్ళకు ఇది మింగుడు పడదు. ఇంకా చిత్రమేమంటే రూలు మనకే గానీ వాటికి లేదు. సముద్ర సింహం పిల్ల మన కాళ్ళ దగ్గరకు పాక్కుంటూ వస్తే వెనక్కి జరగాల్సింది మనం. సముద్రపు ఇగ్వానా ముక్కులోంచి ఉప్పునీళ్ళు చిమ్మితే తుడుచుకోవాల్సిందీ మనమే.

నెల్లూరోళ్ళకు పక్షులు కొత్త కాదని నీకు తెలియాలి. నేలపట్టు గూడబాతులు, పులికాట్ ఫ్లెమింగోలు మావే. 2022లో జిల్లాలు విడగొట్టి సూళ్ళూరుపేటను తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, పక్షులకు ఆ జీవో అందినట్టు లేదు, మేమూ దాన్ని మనసులోకి తీసుకోలేదు. నీ దీవులన్నీ గాలించినా ఫ్లెమింగోలు కొన్ని వందలే. శీతాకాలంలో శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి పోయే షార్ రోడ్డు మీద నిలబడితే మాకు వేలల్లో.

నిలబడితే అన్నాం చూడు, చిక్కంతా అక్కడే ఉంది. కారు తలుపు దబ్బున వేస్తారు, పక్షులు వంద అడుగులు అవతలికి జరుగుతాయి. అవి ఎగిరితే ఫొటో బాగుంటుందని ఒకడు చప్పట్లు కొడతాడు. నీళ్ళలోకి పడవ పోతే ఇంజను ఆపకుండా గుంపు మీదికే తోలమంటారు. సరస్సు చాలాచోట్ల మనిషి నడుం లోతు కూడా ఉండదు, ఫ్యాను బురద లేపుతుంది, ఆ బురదలోనే వాటి తిండి. తల కిందికి పెట్టి మేసే పక్షిని గంటకు నాలుగుసార్లు లేపితే అది మేసేదెప్పుడు? నీ నీలికాళ్ళ బూబీ దారి మధ్యలో గుడ్లు పొదుగుతూ మనిషి వైపు చూడను కూడా చూడదు. మా ఫ్లెమింగోకు కిలోమీటరు అవతల హారను చాలు. రెండింటిలో ఏది తెలివైనదని మమ్మల్ని అడగొద్దు. దాని అనుభవం దానిది.

కాబట్టి నీ గైడును చలికాలం నాలుగు నెలలు బాడుగకు పంపు. స్పానిషులో తిట్టినా ఫర్వాలేదు. షార్ రోడ్డు పొడుగునా గూటాలు మేమే పాతి పెడతాం.

చివరగా రోజుల లెక్క సరిచెయ్యి. ఎనిమిది రోజులంటావు. మొదటిరోజు మధ్యాహ్నానికి గానీ నీ మీదికి చేర్చవు. ఎనిమిదో రోజు పొద్దున ఒక చుట్టు తిప్పి, పదింటికల్లా బాల్ట్రా విమానాశ్రయంలో దించేస్తావు. మధ్యలో నాలుగు రోజుల వాళ్ళు దిగి కొత్తవాళ్ళు ఎక్కే రోజు సగం సామాన్లకే సరి. అన్నీ తీసేస్తే ఆరున్నర మిగులుతుంది. మా ఆటోవాళ్ళు కూడా మీటరు ఇట్టా తిప్పరు.

ఇట్లు,
నెల్లూరు నుంచి నీ శ్రేయోభిలాషులు

తా.క.: ఈక్వడార్ నుంచి తిరిగొచ్చేవాళ్ళ దగ్గర ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఉండాలని మన దేశంలో నిబంధన. టీకా వేయించాక పది రోజులైతేనే అది చెల్లుతుంది. కాబట్టి చెన్నై పోయి ముందే వేయించుకోవాలి, బయల్దేరే వారం కాదు. కార్డు లేకపోతే విమానాశ్రయం నుంచి నేరుగా క్వారంటైన్‌కు, ఆరు రోజుల దాకా. ఇది కూడా బ్రోచరులో వెయ్యి. పడవలో ఆరున్నర రోజులకు ఎనిమిది రోజుల డబ్బు కట్టిన మనిషి ఆ ఆరు రోజులూ నీకు రాయబోయే ఉత్తరం ఇంత మర్యాదగా ఉండదు.