సవరణ: క్రుషినియానీ ఊరి గురించి

పోలండ్ తూర్పు సరిహద్దులోని సొకూవ్కా జిల్లా మీద, అందులోని క్రుషినియానీ ఊరి మీద ఇంతకుముందు రాసిన పోస్టులో మూడు తప్పులు దొర్లాయి. దిద్దుతున్నాను.

క్రుషినియానీ దగ్గర బెలారుస్ సరిహద్దుగా పారేది బుగ్ నది అన్నాను. కాదు, శ్విస్వోచ్. బుగ్ సరిహద్దుగా పారేది ఇంకా దక్షిణాన. మ్యాపు సరిగ్గా చూసుకోకపోవడం నా పొరపాటే.

ఆ ఊళ్లో అందరూ తాతార్ (తుర్కిక్ మూలాలున్న ఒక జాతి) ముస్లింలే అన్నట్టు రాశాను. ఇది పెద్ద తప్పు. 1679లో పోలండ్ రాజు మూడో యాన్ సోబియెస్కీ, తాతార్ సైనికులకు బాకీపడ్డ జీతాల బదులు ఇక్కడ భూములిచ్చిన మాట నిజమే. కానీ ఇప్పుడు మిగిలిన తాతార్ కుటుంబాలు కొన్నే. ఊళ్లో ఆర్థడాక్స్ చర్చి కూడా ఉంది. తాతార్ల సొంత భాష ఎప్పుడో పోయింది, ఇంట్లో మాట్లాడేది పోలిష్.

అక్కడి మసీదు దేశంలో ఏకైక పాత చెక్క మసీదు అన్నది మూడో తప్పు. అదే జిల్లాలో బోహోనికీలో ఇంకోటుంది, చిన్నది. క్రుషినియానీలోది ఆకుపచ్చ రంగు వేసిన చెక్క కట్టడం. ముందు రెండు బురుజులు ఉండటంతో దూరం నుంచి చూస్తే పల్లెటూరి చర్చే అనుకుంటాం.

పెరెకచెవ్నిక్ అనే తాతార్ వంటకం గురించి రాసింది మాత్రం సరైనదే, మార్చడం లేదు. పల్చగా వత్తిన ఆరు పొరల పిండిలో మాంసమో, తీపి పనీరో పెట్టి, నత్తగుల్లలా చుట్టి కాలుస్తారు. కోసిన ముక్క చూస్తే నాకు మడత కాజాయే గుర్తొస్తుంది, పాకం ఒక్కటే తక్కువ.